నాలుగేళ్ళైనా పాత బంధాన్ని వదల్లేకపోతున్నాను, టారో, ఒరాకిల్ కార్డులు సాయపడతాయా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఆరేళ్ళ ప్రేమ పెళ్ళి మాటల దాకా వచ్చి నాలుగేళ్ళ కిందట ఆగిపోయింది. విశాఖ ఎంవీపీ కాలనీలో అమ్మానాన్నలతో ఉంటున్నారు. రెండు నెలల కిందట ఒక టారో డెక్ (జోస్యానికి వాడే బొమ్మల కార్డుల కట్ట), ఒక ఒరాకిల్ డెక్ (అలాంటిదే, కార్డుల మీద మాటలుండేది) కొన్నారు. రోజూ పడుకునే ముందు మూడు టారో కార్డులు తీసి "అతను ఇంకా నన్ను తలుచుకుంటున్నాడా" అని అడుగుతున్నారు. సిక్స్ ఆఫ్ కప్స్ అనే టారో కార్డు నాలుగుసార్లు వచ్చింది. తిరిగొస్తాడని గుర్తా, వదిలెయ్యమని గుర్తా, అసలు కార్డులతో గతాన్ని వదలడం అయ్యే పనేనా అని అడిగారు.

అయ్యే పనే. కానీ ఇప్పుడు మీరు చేస్తున్న తీరులో కాదు. ఇది మానుతున్న పుండు మీద పక్కు రోజూ గోటితో లేపి, మానిందా లేదా అని చూసుకోవడం. ప్రశ్న అతని మీద నుంచి మీ మీదకు తిప్పండి. రోజూ కాదు, వారానికి ఒక్కసారే కూర్చోండి. మొదటి కార్డు మూసి తీయకండి, డెక్ మొత్తం తెరిచి పరుచుకుని మీరే ఎంచుకోండి. మిగతాదంతా ఈ మూడింటికి వివరణే.

ముందు ఆ సిక్స్ ఆఫ్ కప్స్ సంగతి తేల్చేద్దాం, మీ మనసు అక్కడే ఇరుక్కుంది కనక. డెక్‌లో 78 కార్డులు. రోజుకు మూడు చొప్పున తీస్తే ఏ కార్డైనా సగటున 26 రోజులకు ఒకసారి కనబడుతుంది. 60 రోజుల్లో రెండుసార్లకు కాస్త ఎక్కువ. నాలుగు లేదా అంతకు మించి రావడానికి అయిదింట ఒక వంతు అవకాశం ఉంది. అంటే ఈ రెండు నెలల్లో మీ డెక్‌లో సుమారు 15 కార్డులు నాలుగేసి సార్లో, ఇంకా ఎక్కువో వచ్చే ఉంటాయి. అవి మీకు గుర్తులేవు. ఇది గుర్తుంది. ఆ తేడాలో మాత్రం అర్థం ఉంది, అది మీ గురించి.

దీనికి తోడు కలపడంలో లోపం. టారో కార్డు పేకముక్క కన్నా పెద్దది, మామూలు సైజు సుమారు 70 మిల్లీమీటర్ల వెడల్పు, 120 పొడవు. చేతిలో పట్టుకుని కట్టలు కట్టలుగా పైకీ కిందికీ వేస్తే నిన్న పక్కపక్కన ఉన్నవి ఇవాళా పక్కపక్కనే ఉంటాయి. "ఈ రెండు కార్డులూ నాకు జంటగానే వస్తాయి" అనేవాళ్ళ రహస్యం చాలాసార్లు ఇదే. దుప్పటి పరిచి, కార్డులన్నీ బోర్లా పోసి, ఎండబోసిన వడ్లు కలియదిప్పినట్టు రెండు అరచేతులతో నిమిషం పాటు తిప్పండి. తరవాత కట్ట చెయ్యండి.

ఇక బొమ్మ. ఇంటర్నెట్ వీడియోల్లో ఈ కార్డు కనబడితే చాలు, పాత మనిషి తిరిగొస్తాడని చెప్పేస్తారు. మీ కార్డు ఒకసారి చేతిలోకి తీసుకోండి. పాత ఇంటి ముంగిలి. ఒక పిల్లవాడు తెల్లపూలు పెట్టిన కప్పును చిన్నపిల్లకు అందిస్తున్నాడు. వాళ్ళ వెనక, ఎడమపక్కన, ఈటె పట్టుకున్న ఒక మనిషి మనకు వీపు పెట్టి నడిచి వెళ్ళిపోతున్నాడు. నెలల తరబడి ఆ కార్డు చూసినవాళ్ళు కూడా అతన్ని గమనించరు. ఆ బొమ్మలో ఎవరూ తిరిగి రావడం లేదు, నడుస్తున్న ఆ ఒక్కడూ వెళ్ళిపోతున్నాడు.

కార్డులు ఏం చెయ్యగలవు, ఏం చెయ్యలేవు. టారో 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఆట ముక్కలుగా పుట్టింది. జోస్యానికి వాడకం బాగా పుంజుకున్నది 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో. (మీ అమ్మగారు చూసి "ఈ పేకాటేమిటే" అంటే ఆవిడ చెప్పింది చరిత్ర ప్రకారం తప్పేం కాదు.) మన తీర్థాల్లో చిలక జోస్యంలో కార్డు తీసేది చిలక, చెప్పేది జోస్యుడు, వినేది మీరు. ఇక్కడ తీసేదీ చెప్పేదీ వినేదీ మీరే. అందుకే ఆత్మపరిశీలనకు పనికొస్తాయి, అందుకే మనల్ని మనం బుజ్జగించుకోవడానికీ అంతే సులువు. మరో మనిషి మనసులో ఏముందో కార్డుకు తెలిసే దారి లేదు. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు ఆ రాత్రి మీ మూడ్ ఏమిటో చెబుతుంది, అంతే.

డెక్ ఎలాంటిదన్నది కూడా ముఖ్యం. ఈ పనికి 1909లో లండన్‌లో వెలువడిన రైడర్ వెయిట్ స్మిత్ డెక్ గానీ, దాని బాణీలో వేసినది గానీ కావాలి. ఆర్థర్ వెయిట్ ఆలోచనకు పమేలా కోల్‌మన్ స్మిత్ బొమ్మలు గీశారు. ఆ డెక్ గొప్పతనం ఏమిటంటే మైనర్ కార్డులు (పేకలోలా కప్స్, స్వోర్డ్స్ లాంటి నాలుగు జాతుల ముక్కలు) 56లోనూ బొమ్మ కథ ఉంటుంది. మార్సేయ్ అనే పాత ఫ్రెంచి బాణీ డెక్‌లో ఫైవ్ ఆఫ్ కప్స్ అంటే అయిదు కప్పులే, మనిషి ఉండడు. ఆటకు చాలు, తలపోతకు చాలదు.

"గతం" అనే మూటను ఎవరూ వదల్లేరు. మూట విప్పి అందులోంచి ఒక్కో వస్తువు తీయాలి. ఎక్కువమంది ఇక్కడే ఓడిపోతారు. "అతన్ని మర్చిపోవాలి" అని రాసుకుని కూర్చుంటే నూరేళ్ళు కూర్చున్నా జరగదు, ఎందుకంటే అది పని కాదు. పట్టుకున్నది మూడు రకాలుగా ఉంటుంది: వస్తువు, మాట, ఆశ. "నిశ్చితార్థానికని కొన్న చీర బీరువా కింది అరలో ఉంది, కట్టుకోనూ లేను, ఎవరికీ ఇవ్వనూ లేను." ఇది వస్తువు. "చివరి ఫోన్‌లో 'నీకు చెప్పినా అర్థం కాదులే' అన్నాడు." ఇది మాట. "వాళ్ళమ్మ ఎప్పటికైనా తప్పు తమదేనని ఒప్పుకుంటుందని చూస్తున్నాను." ఇది ఆశ. వస్తువు అన్నిటికన్నా తేలిక. ఆశ అన్నిటికన్నా మొండిది, పైగా మాట వేషంలోనో వస్తువు వేషంలోనో తిరుగుతుంది. చీర ఇవ్వలేకపోవడం వెనక చాలాసార్లు ఉండేది చీర కాదు. అయినా మొదటి వారం వస్తువుతోనే మొదలుపెట్టండి.

కూర్చునే పద్ధతి. మొత్తం 40 నిమిషాలు. రాత్రి పడక మీద వద్దు. నిద్ర ముందు తవ్వింది నిద్రలోకి వస్తుంది. ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, టిఫిన్‌కి ముందో తరవాతో, ఇంట్లో ఎవరూ పిలవని వేళ చూసుకోండి. ఫోన్ పక్క గదిలో. టైమర్ కోసం ఫోన్ కావాలంటారు, అక్కడే దొరికిపోతారు, గోడ గడియారం చాలు. అతని ఫోటోలు చూసిన రోజు, ఇంట్లో సంబంధాల గొడవ జరిగిన రోజు కూర్చోవద్దు.

మొదటి 5 నిమిషాలు: పట్టుకున్నదేమిటో ఒక్క వాక్యం. అందులో ఒక వస్తువో మాటో ఎదురుచూపో స్పష్టంగా ఉండాలి.

తరవాత 78 కార్డులూ బొమ్మ పైకి కనబడేలా పరిచి, ఆ వాక్యానికి దగ్గరగా కనిపించే కార్డు ఒకటి ఏరండి. పుస్తకంలో అర్థాలు చూడొద్దు, బొమ్మే చూడండి. 3 నిమిషాల్లో తేలకపోతే చెయ్యి ఎక్కువసార్లు ఏ కార్డు మీదకు వెళ్ళిందో అదే తీసుకోండి. ఇప్పుడు కంటికి కనిపించేది మాత్రం పది వాక్యాలు రాయండి. "దుఃఖం" అని రాయకూడదు. "నల్ల అంగీ" అని రాయాలి. మొదటి అయిదు వాక్యాలు అందరికీ ఒకేలా వస్తాయి. పనికొచ్చేవి ఏడో ఎనిమిదో దగ్గర మొదలవుతాయి, అప్పటికి చూడాల్సినవి అయిపోయి కన్ను వెతకడం మొదలుపెడుతుంది.

ఆ తరవాత మిగతా 77 కలిపి, బోర్లా పెట్టి, రెండు కార్డులు తీయండి. ఒకటి "దీన్ని పట్టుకోవడం వల్ల నాకేం దక్కుతోంది" అన్నదానికి, రెండోది "దీనికి ఇవాళ నేనేం చెల్లిస్తున్నాను" అన్నదానికి. మొదటి ప్రశ్న దాటెయ్యకండి, ఏదో దక్కకపోతే ఎవరూ నాలుగేళ్ళు మొయ్యరు. కొత్త సంబంధాలకు వద్దని చెప్పే వీలు, నేను మోసపోయినదాన్ని అన్న గట్టి నేల, ఆ వయసులో నేనెలా ఉన్నానో గుర్తుచేసే ఒకే ఒక సాక్ష్యం, ఏదైనా కావచ్చు. ఈ రెండు కార్డులూ మూసి తీయడానికి కారణం ఉంది. ఎంచుకోమంటే మనకు ఇష్టమైన జవాబే ఎంచుకుంటాం. అనుకోని బొమ్మ అనుకోని వైపు నుంచి ప్రశ్నిస్తుంది. ఒక్కోదానికి 8 నిమిషాలు, చేతిరాతతో. జరిగింది, అనిపించింది రెండూ రాయాలి.

ఈ చివరి మాట ఊరికే అనలేదు. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున తమను బాధపెట్టిన సంగతులు రాశారు. జరిగినదాన్నీ అనిపించినదాన్నీ కలిపి రాసినవాళ్ళకే తరవాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్ళే అవసరం తగ్గింది. రాసిన వెంటనే మాత్రం మనసు ఇంకా బరువెక్కింది. మీకూ అలాగే అవుతుంది. లేచిన గంటసేపు బరువుగా ఉంటే పద్ధతి చెడిపోయిందని కాదు. ఆ గంటలో పెద్ద నిర్ణయాలు వద్దు, మెసేజ్‌లు అసలే వద్దు.

చివరగా మళ్ళీ తెరిచి, "ఇది చేతిలో లేకపోతే ఈ చెయ్యి ఏం చేస్తుంది" అన్నదానికి ఒక కార్డు ఏరుకోండి. దీనికి నాలుగు వాక్యాలు చాలు. నాలుగు కార్డులూ తేదీతో నోట్‌బుక్‌లో రాసుకుని డెక్ మూసెయ్యండి. అదే వాక్యం మీద ఏడు రోజుల దాకా మళ్ళీ తీయకూడదు. నచ్చే కార్డు వచ్చేదాకా తీయడం, అర్థం కాలేదని దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి తీయడం ఈ అలవాటులో అన్నిటికన్నా పెద్ద రోగం. తలకిందులుగా వచ్చిన కార్డును తిప్పి నిలబెట్టి చదవండి. తలకిందుల అర్థాలు మొదటి ఏడాది అక్కర్లేదు.

నాలుగు వారాలయ్యాక నోట్‌బుక్ తిప్పి, ఏరుకున్న మొదటి కార్డులు నాలుగూ వరసగా పెట్టి చూడండి. ఆ వరసే మీకు అసలైన రీడింగ్. ఫైవ్ ఆఫ్ కప్స్ నుంచి ఫోర్ ఆఫ్ పెంటకిల్స్‌కి వెళ్ళారనుకోండి, పోయిందన్న బాధ తగ్గి పట్టుకున్నానన్న ఎరుక వచ్చిందన్నమాట. ఆ రెండో కార్డులో మనిషి ఒక నాణేన్ని గుండెకు హత్తుకుని, రెండింటిని కాళ్ళ కింద తొక్కిపెట్టి, ఒకదాన్ని నెత్తిన పెట్టుకుని కూర్చున్నాడు. అలా కూర్చుంటే లేచి నడవడం కుదరదు, చెయ్యి చాపడం కుదరదు.

ఈ పనిలో ఎక్కువగా చేతికొచ్చే బొమ్మలు. ఫైవ్ ఆఫ్ కప్స్: నల్ల అంగీ మనిషి, ముందు ఒలికిన మూడు కప్పులు, వెనక నిలబడి ఉన్న రెండు, ఏరు, వంతెన, అవతల కోటలాంటి ఇల్లు. అందరూ "వెనక్కి తిరిగి ఆ రెండు చూడు" అంటారు. తొందరపడకండి. ముందు ఒలికిన మూడింటికీ విడివిడిగా పేర్లు రాయండి. మనిషి, ఆ కుటుంబంలో దొరుకుతుందనుకున్న చోటు, ఆరేళ్ళ వయసు. మూడూ కలిపి "అతను" అని పిలుస్తున్నంతకాలం ఏదీ ఎండదు. ఆ తరవాత వంతెన కనిపించినా చాలు.

ఎయిట్ ఆఫ్ కప్స్‌లో ఒక్క కప్పూ ఒలకలేదు. కింది వరసలో అయిదు, పై వరసలో మూడు, మధ్యలో ఒకటి పట్టేంత ఖాళీ. ఎర్ర అంగీ మనిషి కర్ర పట్టుకుని వెళ్ళిపోతున్నాడు. చెడ్డదని రుజువైతేనే వదలాలన్న పట్టుదల ఉన్నవాళ్ళకు ఈ కార్డు మంచి మందు. ఆ బంధంలో బాగున్నవి ఎనిమిది రాయండి, ఒక్కటీ కొట్టెయ్యకుండా. అవి బాగున్నాయన్నదీ నిజమే, మీరు వాటి దగ్గర లేరన్నదీ నిజమే.

టెన్ ఆఫ్ స్వోర్డ్స్ చూసి భయపడతారు. వీపున పది కత్తులు దిగి పడిపోయిన మనిషి, పైన నల్లటి ఆకాశం, నీటి అవతల పసుపు వెలుగు. తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో నిలబడ్డవాళ్ళకు ఆ పసుపు గీత కొత్త కాదు, సూర్యుడు ఇంకా పైకి రాకముందు, సముద్రం నల్లగానే ఉండగా వచ్చేది. చివరి రోజునే పదేపదే తిప్పి తిప్పి చూసుకునేవాళ్ళు ఈ కార్డు ముందు ఆ మర్నాడు పొద్దుటి గురించి రాయాలి: ఎన్నింటికి లేచారు, ఏం తిన్నారు, మొదట ఫోన్ చేసిందెవరు. మనసు ఎప్పుడూ ఆ సాయంత్రం దగ్గరే సినిమా ఆపేస్తుంది, మర్నాడు ఒకటి ఉందన్నది మర్చిపోతుంది.

డెత్ కార్డు చావు కాదని అందరికీ తెలుసు కనక అది వదిలేసి ఒక ప్రశ్న ఇస్తాను. తెల్లగుర్రం ముందు నలుగురున్నారు. రాజు పడిపోయాడు, మతగురువు చేతులు జోడించాడు, యువతి ముఖం తిప్పుకుంది, పసిబిడ్డ ఎదురుగా చూస్తోంది. ఇవాళ మీరు ఎవరు?

ఒరాకిల్ డెక్ ఎక్కడ వాడాలి. అన్నిటికన్నా చివర, ఒక్క కార్డు. ఒరాకిల్ డెక్‌కు టారోలా కట్టుబాటు లేదు, ఎన్ని కార్డులన్నది, ఏం మాటలన్నది తయారుచేసినవాళ్ళ ఇష్టం. చాలావాటిలో మాటలన్నీ తియ్యగానే ఉంటాయి. మొదటే తీస్తే "అంతా మంచికే" అని పుండు మీద పట్టుగుడ్డ కప్పేస్తుంది. చివర తీసి, కార్డు మీది మాటను 48 గంటల్లో చేసే ఒక చిన్న పనిగా మార్చండి. "విడుదల" అని వస్తే: చీర తీసి ఎండలో వెయ్యడం. ఎవరికీ ఇవ్వక్కర్లేదు, ఈ వారానికి అది బీరువాలోంచి బయటికి వస్తే చాలు. "నమ్మకం" అని వస్తే: అతని నంబరు ఫోన్‌లోంచి తీసి కాగితం మీద రాసి అక్కకు ఇవ్వడం. పనిగా మారని కార్డును పక్కన పెట్టెయ్యండి.

మన ఊరి గాలికి కార్డులు. సముద్రపు తేమకు కార్డులు వంకర తిరుగుతాయి, ఒకదానికొకటి అంటుకుంటాయి. గుడ్డ సంచీలో కాదు, బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. అంటుకుంటుంటే పొడి నూలుగుడ్డ మీద చిటికెడు టాల్కం పౌడర్ వేసి తుడవండి. శుద్ధి పేరుతో ఉప్పులో పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. ఉప్పు తేమను లాగుతుంది, విశాఖలో ఒక్క రాత్రికే అంచులు ఉబ్బుతాయి. వెన్నెల్లో బాల్కనీలో పెట్టడం కూడా అంతే, మంచు పడుతుంది. రాసిన కాగితాలు కాల్చాలనిపిస్తే డాబా మీద గాలి లేని వేళ ఇత్తడి పళ్ళెంలో, పక్కన చెంబుడు నీళ్ళతో. బీచ్‌కి పట్టుకెళ్ళి సముద్రంలో వెయ్యొద్దు, మర్నాడు ఊడ్చేవాళ్ళ చేతికి వస్తాయి.

కార్డులు పక్కన పెట్టాల్సిన సందర్భాలు. అతని దగ్గర మీ డబ్బుగానీ నగలుగానీ ఫోటోలుగానీ ఉండిపోతే, లేదా ఇంకా వేధిస్తుంటే, అది గతం కాదు, నడుస్తున్న వ్యవహారం. దానికి లాయరు, పోలీసు. రావలసింది వదులుకోవడాన్ని "లెట్ గో" అని పిలవకండి. అలాగే క్షమించడం ఈ పద్ధతిలో భాగం కాదు. క్షమించకుండానే వదలొచ్చు.

ఇది చదివే మరొకరికి: మీరు మొయ్యలేకపోతున్నది ఒకరి మరణమైతే సంవత్సరీకం దాటేదాకా వదలడం అన్న మాటే వద్దు. "ఏం ఉంచుకోవాలి" అని అడగండి, నాలుగు కార్డులూ తెరిచి ఏరుకోండి, మూసి తీయొద్దు.

"బంధం కోసే పూజ చేస్తాం, ఇంకా కొన్ని వేలు వెయ్యండి" అనే టారో రీడర్ దగ్గర నుంచి లేచి వచ్చెయ్యండి. రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోయినా, పాత దృశ్యం కళ్ళ ముందు మళ్ళీ జరుగుతున్నట్టు వచ్చి పడుతున్నా, బతకాలని లేదనిపించినా కార్డులు డబ్బాలో పెట్టి 14416కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వ టెలిమానస్ లైను, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, మీ ఇంటికి దూరం కూడా కాదు.

మీ విషయంలో ఇవాళ్టి నుంచి ఆదివారం దాకా కార్డులు తీయకండి. ఆదివారం రాసే మొదటి వాక్యంలో అతని పేరు ఉండకూడదు. పేరు లేకుండా వాక్యం రావడం లేదంటే ఆ ఒక్క వాక్యం కోసమే ఆ 40 నిమిషాలూ వాడుకోండి, డెక్ వచ్చే వారం తెరవొచ్చు. సిక్స్ ఆఫ్ కప్స్‌ను మాత్రం డెక్‌లోంచి తీసి నోట్‌బుక్‌లో దాచండి. నాలుగు వారాల పాటు 77 కార్డులతోనే చెయ్యండి. మొదటి కార్డు ఏరుకునేటప్పుడు చెయ్యి దానికోసం వెతుకుతుందా లేదా అన్నది రాసుకుని, నెల తరవాత ఆ నాలుగు వరసలూ ఇక్కడ పెట్టండి, చూద్దాం.